చోటు, చూపు, విముక్తి: ఆల్ప్స్ లోయలో ఒక తెలుగు తత్త్వప్రశ్న

విముక్తికీ చోటుకీ సంబంధం ఉందా లేదా అన్న ప్రశ్న భారతీయ తత్త్వచింతనలో చాలా పాతది. కాశికో, శ్రీశైలానికో, బదరికో వెళ్లి స్నానదర్శనాదులు చేసుకుంటే పాపక్షయమై చిత్తం తేటపడుతుందన్న నమ్మకం ఒకవైపు తరతరాలుగా కోట్లమందిని నడిపిస్తూ రాగా, తనలోనే ఉన్న ఆత్మను తెలుసుకోవడానికి కాళ్లతో నడవవలసిన దూరమేదీ లేదన్న వాదం మరోవైపు ఉపనిషత్తుల కాలం నుంచీ అంతే గట్టిగా నిలిచింది. హైదరాబాదు పడమటి అంచున ఒకప్పుడు జాగీరు గ్రామంగా ఉన్న మణికొండ ఐటీ ఉద్యోగుల ఊరుగా మారిన ఈ రెండు దశాబ్దాల్లో ఆ పాత ప్రశ్నకు కొత్త రూపం వచ్చింది. పెద్దల కాలంలో జన్మకొక్కసారి దక్కే కాశీయాత్రకు ఉన్న స్థానంలో కొంత భాగం, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ ఆఫీసులకు వెళ్లివచ్చే అనేక కుటుంబాల్లో నేడు స్విట్జర్లాండ్ మంచుకొండల యాత్రకు దక్కింది. కూడబెట్టిన సెలవులు, దాచిన డబ్బు, వీసా కోసం ఎదురుచూపు, తిరిగివచ్చాక బంధువులకు చూపించే ఫొటోలు అన్నీ కలిసి ఆ ప్రయాణానికి దాదాపు వ్రతం వంటి నియమాన్ని ఏర్పరచాయి. అది తీర్థయాత్రా, విహారయాత్రా, లేక ఆ రెంటికీ చెందని మరొకటా అన్నది శ్రద్ధగా విచారించదగిన విషయం. ఆల్ప్స్ పర్వతాల్లోని ఒకే లోయలో ఇద్దరు తెలుగువారు ఏళ్ల తరబడి గడిపిన జీవితం ఆ విచారణకు గొప్ప ఆధారం.

ఆ లోయ పేరు సానెన్‌లాండ్. స్విట్జర్లాండ్‌లో కాంటన్ అని పిలిచే స్వయంపాలక రాష్ట్రాల్లో ఒకటైన బెర్న్‌లో, ఎత్తైన పర్వతసీమ పడమటి కొసన అది ఉంది. ప్రపంచ ప్రసిద్ధి పొందిన గ్‌స్టాడ్ గ్రామం ఆ లోయలోదే. సముద్రమట్టానికి సుమారు 1,050 మీటర్ల ఎత్తున ఉన్న ఆ గ్రామం పరిపాలన రీత్యా పక్కనున్న సానెన్ ఊరిలో భాగం. పశువుల పెంపకం, జున్ను తయారీ జీవనాధారాలుగా ఉన్న ఆ పల్లె 1898లో పెద్ద అగ్నిప్రమాదానికి గురై, మళ్లీ కట్టుకుని, 1904లో రైలు మార్గం చేరడంతో బయటి ప్రపంచానికి దగ్గరైంది. 1913 చివర ప్యాలెస్ హోటల్ తెరుచుకున్నాక ఐరోపా ధనికులు చలికాలంలో అక్కడికి రావడం అలవాటు చేసుకున్నారు. ఊరి చుట్టూ ఉన్న విస్పిలె, ఎగ్లి, వాసెర్న్‌గ్రాట్ కొండల వాలుల మీద, పొడవాటి పలకలను కాళ్లకు బిగించుకుని మంచు మీద జారే స్కీయింగ్ ఆట సాగుతుంది. అక్కడి ఇళ్లు షాలే పద్ధతిలో, అంటే ముందుకు చొచ్చుకొచ్చిన వాలుకప్పుతో, ఎక్కువగా చెక్కతో కట్టినవి. వయొలిన్ విద్వాంసుడు యెహూది మెనుహిన్ 1957లో సానెన్‌లోని పాత చర్చిలో మొదలుపెట్టిన సంగీతోత్సవం నేటికీ జరుగుతోంది. 1995లో వచ్చిన హిందీ చిత్రం 'దిల్‌వాలే దుల్హనియా లే జాయేంగే' లోని కొన్ని దృశ్యాలను ఈ ప్రాంతంలోనే తీయడం వల్ల, భారతదేశం నుంచి వెళ్లినవారు సానెన్‌లోని ఒక చిన్న వంతెనను వెదుక్కుంటూ వెళ్లి ఫొటోలు దిగడం కూడా ఆనవాయితీ అయింది.

ఇటువంటి విలాసగ్రామానికీ మోక్షచింతనకూ ఏమి సంబంధమన్న సందేహం సహజమైనది కనుక, ముందుగా తీర్థం అన్న భావన ఏమి కోరుతుందో తెలుసుకోవాలి. తీర్థమంటే స్నానం, దర్శనం, దానం మొదలైన క్రియలతో మనిషిని పవిత్రుణ్ణి చేయగలదని శాస్త్రం, సంప్రదాయం అంగీకరించిన చోటు. తీర్థం యాత్రికుణ్ణి ఊరికే రానివ్వదు; ఉపవాసం, ఇంద్రియనిగ్రహం, దారిలో కష్టాన్ని ఓర్చుకోవడం వంటి నియమాలను అతని మీద పెడుతుంది. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో చెన్నపట్నం నుంచి బయలుదేరి హైదరాబాదు, నాగపూరు మీదుగా కాశికి వెళ్లి మరుసటి ఏడు తిరిగివచ్చి, ఆ అనుభవాన్ని 'కాశీయాత్ర చరిత్ర'గా రాసినప్పుడు, పుణ్యం కోసం సాగిన ఆ ప్రయాణంలోనే దారులు, సత్రాలు, పంటలు, జనుల ఆచారాలు అన్నీ అతని కంటికి ఆనాయి. పుణ్యాపేక్ష అతని కన్నులను మూయకపోగా, నెమ్మదిగా సాగే ప్రయాణపు క్రమశిక్షణ వాటిని మరింత తెరిచిందని ఆ గ్రంథం నిరూపిస్తుంది.

అయితే తీర్థాన్ని గౌరవించిన సంప్రదాయమే తీర్థానికి హద్దు కూడా గీసింది. ఆదిశంకరులు బ్రహ్మసూత్రభాష్యంలో కర్మవల్ల కలిగే ఫలాలను నాలుగు రకాలుగా విభజిస్తారు: కొత్తగా పుట్టించేది ఉత్పాద్యం, వెళ్లి చేరుకునేది ఆప్యం, ఒకటి మరొకటిగా మారేది వికార్యం, మలినం తొలగించి శుద్ధి చేసేది సంస్కార్యం. మోక్షం ఈ నాలుగింటిలో దేనికీ చెందదని, అది ఎప్పుడూ ఉన్న స్వరూపమే కనుక దానిని పుట్టించనూ లేము, ప్రయాణించి చేరుకోనూ లేమని ఆయన వాదం. కాశీ మహిమను చెప్పడానికే పుట్టిన కాశీఖండం కూడా సత్యం, క్షమ, ఇంద్రియనిగ్రహం వంటి గుణాలను మానసతీర్థాలుగా చెప్పి, వాటిలో మునగనివాడికి నీటి మునక చాలదని హెచ్చరిస్తుంది. ఆ గ్రంథాన్ని తెలుగులోకి తెచ్చిన శ్రీనాథుడి ద్వారా పండితలోకమూ, తీర్థాలు తిరిగే ఆచారాన్ని సూటిగా నిలదీసిన వేమన ద్వారా సామాన్యలోకమూ ఈ వివేకాన్ని చాలాకాలం కిందటే విన్నాయి. కనుక చోటు చిత్తశుద్ధికి సాయపడవచ్చునే తప్ప జ్ఞానాన్ని ఇవ్వదన్నది తెలుగువారికి కొత్త మాట కాదు. కొత్తగా ఎదురైన ప్రశ్న వేరు: పుణ్యం మీద నమ్మకం సడలి, నియమాలు తొలగి, కేవలం చూడాలన్న కోరికతోనే కొండలకు వెళ్లేవాడికి ఆ చూపు ఏమి చేస్తుంది?

ఈ ప్రశ్నను తెలుగు కావ్యం పదహారవ శతాబ్దంలోనే కథగా మలిచింది. అల్లసాని పెద్దన 'మనుచరిత్ర'లో ప్రవరుడు నిత్యాగ్నిహోత్రి, ముసలి తల్లిదండ్రులను కనిపెట్టుకుని ఉన్న గృహస్థు. దూరదేశాలను చూడాలన్న తహతహ మాత్రం అతన్ని వదలదు. ఇంటికి వచ్చిన సిద్ధుడు ఇచ్చిన పాదలేపనం, అంటే కాళ్లకు పూసుకుంటే క్షణంలో కోరిన చోటికి చేర్చే పసరు, అతన్ని హిమాలయానికి తీసుకుపోతుంది. కళ్లారా కొండను చూసి తిరుగుముఖం పట్టబోయేసరికి మంచునీటికి ఆ పసరు కరిగిపోయిందని తెలిసి, సాయంకాల హోమానికి ఇల్లు చేరడమెలాగని కలవరపడతాడు. వరూధిని ఘట్టం మీదనే పాఠకుల దృష్టి నిలిచే ఈ కథలో తాత్వికంగా విలువైన అంశం మరొకటుంది: దారి కష్టమేదీ లేకుండా చేరుకున్నవాడికి ఆ చోటితో బాంధవ్యం కుదరలేదు, అతని మనసంతా తిరిగి వెళ్లడం మీదనే ఉంది. విమానం, వీసా, జీతం కలిసి నేటి పాదలేపనం కాగా, కొన్ని రోజుల్లో ఎన్నో శిఖరాలను చుట్టివచ్చే యాత్రికుడి స్థితి ప్రవరుడి స్థితికి దగ్గరగానే ఉంటుంది. అయినా ప్రవరుడికి తాను తిరిగి చేరవలసిన ధర్మమేదో స్పష్టంగా తెలుసు; అతన్ని ఇంటికి చేర్చింది కూడా అతను నమ్ముకున్న ఆ అగ్నే.

పడమటి దేశాల చింతనలోనూ ఇదే సందిగ్ధం కనబడుతుంది. ఇటలీ కవి పెట్రార్క్ 1336 ఏప్రిల్ 26న దక్షిణ ఫ్రాన్సులోని వెంటూ పర్వతాన్ని కేవలం పైనుంచి చూడాలన్న కోరికతో ఎక్కి, శిఖరం మీద సెయింట్ అగస్టీన్ రాసిన ఆత్మకథాగ్రంథాన్ని తెరవగా, కొండలనూ సముద్రాలనూ చూసి అబ్బురపడే మనుషులు తమను తాము మరిచిపోతున్నారన్న హెచ్చరిక అతని కంటపడింది. ఆ తర్వాత కిందికి దిగేవరకు అతను మాట్లాడలేదని తన లేఖలో రాసుకున్నాడు. ఆల్ప్స్‌ను ఎన్నడూ చూడని జర్మన్ తత్త్వవేత్త కాంట్ 1790లో ప్రకటించిన గ్రంథంలో ఔదాత్త్యాన్ని, అంటే కొలతకందని గొప్పతనం ముందు మనసు మొదట కుంగి తర్వాత ఉప్పొంగే అనుభవాన్ని వివరిస్తూ, ఆ గొప్పతనం నిజానికి పర్వతంలో కాక దాన్ని తలచగల మానవబుద్ధిలోనే ఉందన్నాడు. ఈ ఇద్దరిలో ఒకరు పర్వతాన్ని ఆత్మవిచారణకు అడ్డంకిగాను, మరొకరు మానవబుద్ధి తన ఔన్నత్యాన్ని గుర్తించే సందర్భంగాను చూశారు. పర్వతాన్ని పర్వతంగా చూడటం ఇద్దరి వాదంలోనూ వెనకబడిపోయింది.

ఆ వెనకబడిన విషయాన్నే తన బోధకు కేంద్రంగా చేసుకున్నవాడు జిడ్డు కృష్ణమూర్తి. 1895 మే నెలలో మదనపల్లెలో తెలుగు బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, 1909లో మద్రాసు అడయారులోని దివ్యజ్ఞాన సమాజం పెద్దల కంటబడి, రాబోయే జగద్గురువుగా వారిచేత పెంచబడి, ఇంగ్లండు చదువుల్లో తెలుగు మాట్లాడే శక్తిని సైతం కోల్పోయిన ఆయన, 1929 ఆగస్టు 3న హాలండులోని ఓమెన్‌లో తన కోసం ఏర్పడిన సంస్థను తానే రద్దు చేశారు. సత్యానికి నిర్దిష్టమైన మార్గమేదీ లేదని, దానిని సంస్థగా నిర్మించలేరని, గురువు, మతం, శాఖ ఏదీ మనిషిని అక్కడికి చేర్చలేదని ఆయన ఆ రోజు ప్రకటించారు. శంకరులు ఆప్యం కాదన్న మాటకు ఇది ఒక విధంగా కొనసాగింపే అయినా, శాస్త్రాన్నీ గురువునూ ప్రమాణంగా నిలిపిన శంకరుల దారికి ఇది పూర్తిగా భిన్నం.

అటువంటి వ్యక్తి 1961 జులై నుంచి 1985 వరకు ఏటా వేసవిలో సానెన్‌కు వచ్చి బహిరంగ ప్రసంగాలు చేయడం, ఆ రోజుల్లో ఎక్కువకాలం గ్‌స్టాడ్‌లోని షాలే టానెగ్ అనే ఇంట్లో వాండా స్కారవెల్లి అనే ఇటాలియన్ మిత్రురాలి అతిథిగా ఉండటం పైకి వైరుధ్యంగా తోస్తుంది. స్కీయింగ్ వాలుల మీద మంచు కరిగి గడ్డి పెరిగే రోజుల్లో, సానె నది ఒడ్డున వేసిన పెద్ద గుడారంలో, వివిధ దేశాలవారు బల్లల మీద కూర్చుని ఆయన మాటలు వినేవారు. పక్కనే చిన్న గుడారాల్లో బసచేసే యువకులూ చాలామంది ఉండేవారు. చోటుకు ప్రాముఖ్యం లేదన్న మనిషి పాతికేళ్లపాటు ఒకే చోటికి రావడమేమిటన్న ప్రశ్నకు ఆయన 'నోట్‌బుక్' అనే గ్రంథంలో కొంత సమాధానం దొరుకుతుంది. 1961 వేసవిలో మొదలుపెట్టి కొన్ని నెలలపాటు రాసిన ఆ దినచర్యలో గ్‌స్టాడ్ కొండలు, వాగులు, గడ్డిమైదానాలు, మబ్బులు పుటలకు పుటలుగా వర్ణితమయ్యాయి. ఆ వర్ణనల నడుమ, తనకంటే వేరైన ఏదో పావనమైన సన్నిధిని ఆయన ప్రస్తావిస్తారు. ఆ సన్నిధి కొండల వల్ల వచ్చిందని మాత్రం ఆయన ఎక్కడా చెప్పరు. ఎత్తునే చూసుకుంటే, మదనపల్లె దగ్గరి హార్స్‌లీ కొండలు గ్‌స్టాడ్ గ్రామం కంటే ఎత్తైనవి. అదే మదనపల్లె ప్రాంతంలో, ఆయన ప్రేరణతో 1926లో రూపుదిద్దుకోవడం మొదలైన రిషివ్యాలీ విద్యాలయానికి కూడా ఆయన తరచు వెళ్లి, అక్కడి బండకొండల ముందు ఇదే శ్రద్ధతో నడిచారు. కనుక ఆల్ప్స్‌ను ఆయన ప్రత్యేక తీర్థంగా ఎంచుకున్నారని చెప్పడానికి వీలులేదు.

పర్వతదర్శనం గురించి కృష్ణమూర్తి తన ప్రసంగాల్లో పదేపదే చెప్పిన ఒక ఉపమానం ఈ విచారణకంతటికీ మూలస్తంభం వంటిది. అల్లరి పిల్లవాడి చేతికి ఆకర్షణీయమైన ఆటబొమ్మ ఇస్తే వాడు దానిలో లీనమై కాసేపు కదలకుండా ఉంటాడు. బొమ్మ తీసేయగానే మళ్లీ అల్లరి మొదలవుతుంది. మహోన్నతమైన మంచుశిఖరం ఒక్కసారిగా కంటపడినప్పుడు మనిషిలోని చింతలు, పోలికలు, 'నేను' అన్న భావం క్షణకాలం తొలగిపోవడం నిజమే అయినా, అక్కడ పర్వతం ఆటబొమ్మ పాత్రనే వహించిందని, దాని ఘనతకు 'నేను' అణగిందే తప్ప తనను తాను అర్థం చేసుకుని కరగలేదని ఆయన వాదం. కొండ కనుమరుగు కాగానే ఆ 'నేను' యథాప్రకారం తిరిగివచ్చి, ఆ అనుభవాన్ని జ్ఞాపకంగా దాచుకుని, మళ్లీ కావాలని కోరుకుంటుంది. బొమ్మ లేకుండానే ఆ నిశ్శబ్దం సాధ్యమా అన్నదే ఆయన వేసిన ప్రశ్న. దానికి ఆయన సూచించినది ఎంపిక లేని ఎరుక: కంటబడినదాన్ని పేరు పెట్టకుండా, మరొకదానితో పోల్చకుండా, కావాలనీ వద్దనీ అనకుండా గమనించడం. ఆ గమనింపులో చూసేవాడికీ చూడబడేదానికీ మధ్య ఆలోచన కట్టిన ఎడం తొలగిపోతుందని ఆయన చెప్పారు.

ఇదే లోయలో మరో తెలుగువాడు దీనికి పూర్తిగా ఎదురుగా నిలబడ్డాడు. 1918 జులై 9న మచిలీపట్నంలో పుట్టి, గుడివాడలో దివ్యజ్ఞాన సమాజం అభిమాని అయిన తాతగారింట పెరిగిన ఉప్పలూరి గోపాల కృష్ణమూర్తి, లోకానికి యు.జి.గా తెలిసిన వ్యక్తి, యౌవనంలో 1939లో రమణ మహర్షిని దర్శించి, ఆ సమాజం తరఫున ఉపన్యాసాలు ఇచ్చి, జిడ్డు కృష్ణమూర్తితో ఏళ్లకొద్దీ వాదించి, కుటుంబాన్నీ సొమ్మునూ పోగొట్టుకుని ఐరోపాలో దిక్కులేకుండా తిరిగిన దశలో, జెనీవాలో పరిచయమైన వాలెంటీన్ ద కెర్వెన్ అనే స్విస్ మహిళ ఆశ్రయంతో సానెన్‌లో స్థిరపడ్డారు. 1967 ఆగస్టులో జిడ్డు కృష్ణమూర్తి చేసిన సానెన్ ప్రసంగాల్లో చివరిదాన్ని గుడారంలో కూర్చుని విని, బయటికి వచ్చి లోయకు ఎదురుగా ఒక చెట్టు కింద బెంచీ మీద కూర్చున్నప్పుడు, జ్ఞానస్థితిలో ఉన్నానో లేదో తనకెలా తెలుస్తుందన్న ప్రశ్న ఆయనలో తలెత్తి, జవాబు దొరక్కుండానే ఆ ప్రశ్న మాయమైందని, తర్వాతి రోజుల్లో శరీరంలో విపరీతమైన మార్పులు వచ్చాయని ఆయన చెప్పుకున్నారు. దానిని ఆయన సాక్షాత్కారం అనక విపత్తు అన్నారు. అది తన ప్రయత్నం వల్ల రాలేదని, ఎవరికీ నేర్పగలిగింది కాదని, వెదుకులాట అనేదే వెదికేవాణ్ణి బతికించే యంత్రాంగమని, గురువులంతా ఆ వెదుకులాటను పెంచేవారేనని తుదివరకు వాదించారు. 2007లో ఇటలీలో మరణించేవరకు ఆయన అనేక వేసవుల్లో సానెన్, గ్‌స్టాడ్‌లలో వచ్చినవారితో మాట్లాడుతూనే ఉన్నారు.

ఒకే లోయలో, కొంతకాలం ఒకే వేసవిలో, ఒకరి మాటలు ఒకరు వినగల దూరంలో రెండు తెలుగు మేధలు ఇచ్చిన జవాబులు ఇవి. సరైన చూపు ఉంటే ఏ చోటైనా చాలునని ఒకరు, చూపును సరిచేసుకోవాలన్న కోరికే చూపును చెడగొడుతుందని మరొకరు అన్నారు. తర్కబలంలో యు.జి. వాదం తేలికగా తోసిపుచ్చదగింది కాదు. ఎంపిక లేని ఎరుకను సాధించాలని బయలుదేరినవాడు అప్పటికే ఒకదాన్ని ఎంచుకున్నాడన్న ఆయన ఆక్షేపణకు జవాబు చెప్పడం కష్టం. అయితే ఆ వాదాన్ని కడదాకా అంగీకరిస్తే, కొండను ప్రేమించడానికీ పక్కవాడి బాధను పట్టించుకోవడానికీ ఎటువంటి ఆధారమూ మిగలదు. జిడ్డు కృష్ణమూర్తి చూపులో ఆ ఆధారం ఉంది. సాధనగా వాడుకోవాలన్న ఆలోచన తొలగినప్పుడే ఒక చోటు తన సొంత అందంతో, సొంత హక్కుతో మనిషికి ఎదురవుతుంది. భగవద్గీత బోధించిన నిష్కామకర్మ, అంటే ఫలం మీద ఆశపెట్టుకోకుండా చేసే పని, చేతులకు ఎలా వర్తిస్తుందో కంటికీ అలాగే వర్తింపజేస్తే దాన్ని నిష్కామదర్శనం అనవచ్చు. పుణ్యం కోసం చూసిన కొండ, వినోదం కోసం చూసిన కొండ, జ్ఞానోదయం కోసం చూసిన కొండ మూడూ ఒకే తరగతికి చెందినవి, ఎందుకంటే మూడింటిలోనూ కొండ మరొకదానికి మెట్టుగానే ఉపయోగపడింది.

దీనికి ఒక బలమైన అభ్యంతరం ఉంది. ఆకలి, అప్పు, ఉద్యోగ భయం లేని ధనికుల గ్రామంలో కూర్చుని నిష్కామదర్శనం గురించి మాట్లాడటం సులువని, మణికొండలో వాయిదాలు కట్టుకుంటూ, రాత్రివేళ అమెరికా ఖాతాదారులతో పనిచేసే ఉద్యోగికి అది అందని విలాసమని ఎవరైనా అనవచ్చు. స్నేహితుల సంపద నీడన సాగిన జిడ్డు కృష్ణమూర్తి జీవితం మీద ఈ విమర్శ ఆయన ఉన్నప్పుడే వచ్చింది, దాన్ని అన్యాయమనలేము. అయినా ఈ అభ్యంతరం తిరిగి దాని మూలాన్నే ప్రశ్నిస్తుంది. నిష్కామదర్శనానికి గ్‌స్టాడ్ అవసరమైతేనే అది విలాసమవుతుంది; అవసరం కాకపోతే, సంపన్నుల సీమలో చెప్పబడినంత మాత్రాన ఆ మాట సంపన్నుల సొత్తు కాదు. పైగా అలసిన మనిషికి కొత్త చోటు కొంత విశ్రాంతినివ్వడం, పిల్లలు మొదటిసారి మంచును చేత్తో తాకి ఆనందించడం తప్పు కానే కాదు. విహారం విహారంగా మంచిదే. దాని మీద మోక్షపు భారాన్ని మోపినప్పుడు, అంటే ఆ కొద్ది రోజులే నిజమైన బతుకని, తక్కిన ఏడాదంతా ఆ రోజుల కోసం భరించవలసిన శిక్ష అని నమ్మినప్పుడే, విహారమూ చెడుతుంది, ఏడాదీ చెడుతుంది.

మణికొండ పరిసరాల చరిత్ర ఈ వాదానికి మరో సాక్ష్యం ఇస్తుంది. మణికొండకు ఆనుకుని ఖాజాగూడ, పుప్పాలగూడల మధ్య విస్తరించిన రాతిగుట్టల మీద అనంత పద్మనాభస్వామి ఆలయం, సూఫీ సాధువు బాబా ఫక్రుద్దీన్ ఔలియా దర్గా దగ్గరదగ్గరగా ఉన్నాయి. 1925 నుంచి మౌనవ్రతంలో ఉన్న మెహెర్ బాబా మనోనాశం, అంటే అహంకారం మీద నిలిచిన మనసును నిర్మూలించడం, అని తాను పేరుపెట్టిన ఏకాంత సాధనలో కొంత భాగాన్ని 1951లో ఈ గుట్టల్లోనే గడిపారు. అదే మెహెర్ బాబా 1934లో స్విట్జర్లాండ్‌లోని ఫాలెన్‌ఫ్లూ అనే కొండ మీద కూడా ఏకాంతంలో కూర్చున్నారు. ఒకే సాధకుడికి ఆల్ప్స్ కొండా హైదరాబాదు గుట్టా ఒకేలా ఉపయోగపడ్డాయన్న ఈ సంగతి, చోటుల మధ్య తరతమాలు సాధకుడి కంటే యాత్రికుడికే ఎక్కువని తెలుపుతుంది. భూవిజ్ఞానం దీనికి ఒక ఆశ్చర్యకరమైన సత్యాన్ని జోడిస్తుంది: ఆఫ్రికా, ఐరోపా భూఫలకాలు ఢీకొనడంతో ఆల్ప్స్ పైకి లేచి కొన్ని కోట్ల ఏళ్లే కాగా, హైదరాబాదు గ్రానైటు బండల వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. ప్రాచీనతే పూజ్యతకు కొలమానమైతే, అపార్టుమెంట్ల పునాదుల కోసం రోజూ పగులుతున్న బండలే ముందు పూజ అందుకోవలసినవి. వీటిని కాపాడాలని 1996లో నగరంలో ఏర్పడిన 'సొసైటీ టు సేవ్ రాక్స్' సంస్థ చేస్తున్న శ్రమను ఈ దృష్టితో చూస్తే, అది కేవలం పర్యావరణ కార్యం కాదు, చూపుకు సంబంధించిన ధర్మకార్యం కూడా.

నిష్కామదర్శనం మనసును నెమ్మదిపరిచే పద్ధతి మాత్రమేనన్న అపోహకు ఇక్కడ తావుండకూడదు. చూసేవాడికీ చూడబడేదానికీ మధ్య ఎడం లేదన్న మాటను నిజంగా అంగీకరించినవాడు, తన చూపు ఆ వస్తువు మీద వేసే భారాన్ని కూడా తనదిగా అంగీకరించక తప్పదు. స్విట్జర్లాండ్‌లోని హిమానీనదాలు, అంటే ఏళ్ల తరబడి పేరుకున్న మంచు గట్టిపడి కొండవాలు మీద మెల్లగా జారే మంచునదులు, 2022, 2023 అనే రెండు సంవత్సరాల్లోనే తమ ఘనపరిమాణంలో దాదాపు పదోవంతు పోగొట్టుకున్నాయి. తక్కువ ఎత్తున ఉన్న స్కీయింగ్ గ్రామాలు నీటిని యంత్రాలతో చిమ్మి కృత్రిమ మంచు తయారుచేసుకోవలసిన స్థితి వచ్చింది. మంచును కరిగిస్తున్న వేడికి బొగ్గు, చమురు మండించే యావత్ లోకమూ కారణమే. ఆ మంచును చూడటానికి వేల కిలోమీటర్లు ఎగిరివెళ్లే విమానపు పొగకు కూడా అందులో వాటా ఉంది. ప్రవరుడి కాలిపసరును మంచు కరిగించింది. నేటి యాత్రికుడి పసరు మంచునే కరిగిస్తోంది. దీన్ని గుర్తించడం ప్రయాణాన్ని పాపంగా ప్రకటించడం కాదు. తీర్థయాత్రికుడు ఉపవాసంతో, దానంతో తన రాకకు తగిన ఋణం తీర్చినట్లే, నేటి యాత్రికుడికీ ఒక నియమం ఉండాలని చెప్పడం మాత్రమే: అరుదుగా వెళ్లడం, వెళ్లినచోట ఎక్కువ రోజులు నిలవడం, అక్కడ రైలు మీదా కాళ్ల మీదా తిరగడం, ఒకే యాత్రలో అన్ని శిఖరాలనూ లెక్కపెట్టుకోవాలన్న ఆత్రాన్ని వదులుకోవడం.

ఈ విచారణ నుంచి తేలేది ఇది. విముక్తి చోటు మీద ఆధారపడదన్న శంకరుల నిర్ణయం ఆల్ప్స్ విషయంలోనూ చెల్లుతుంది; గ్‌స్టాడ్ లోయ జిడ్డు కృష్ణమూర్తికి సత్యాన్ని ఇవ్వలేదు, యు.జి.కి విపత్తునూ ఇవ్వలేదు, సినిమా వంతెన దగ్గర నిలబడిన యాత్రికుడికీ ఏమీ బాకీపడలేదు. అయితే విముక్తి చోటు మీద ఆధారపడదు కనుక చోటుకు విలువ లేదనుకోవడం సగం సత్యాన్నే పట్టుకోవడమవుతుంది. చోటు విముక్తికి సాధనం కానప్పుడే, దానితో మనిషికి లాభనష్టాల లెక్కలేని సంబంధం మొదలవుతుంది. లెక్క లేని చోటనే ప్రేమకూ బాధ్యతకూ వీలుంది. తీర్థం తన నియమాలతో మనిషిని నిలువరించి ఆ సంబంధాన్ని ఒకప్పుడు కాపాడింది; నియమాలు పోయిన విహారం దాన్ని కాపాడలేకపోతోంది; ఇప్పుడు ఆ భారం వెళ్లేవాడి చూపు మీదనే పడింది. ఎక్కడికి వెళ్లాలన్న ప్రశ్నకు తత్త్వశాస్త్రం సమాధానం చెప్పనక్కరలేదు. వెళ్లినచోటా ఉన్నచోటా, దేనినీ మెట్టుగా వాడుకోకుండా చూడగలుగుతున్నానా, చూసినదాని మేలుకు కట్టుబడుతున్నానా అని ప్రతి మనిషి తనను తాను అడగవలసిన ప్రశ్నను మాత్రం అది ఎవరి మీదనుంచీ దించదు. మణికొండ నివాసికైనా గ్‌స్టాడ్ నివాసికైనా ఆ ప్రశ్న ఒకటే, జవాబు చెప్పవలసిన చోటు కూడా అతని నిత్యజీవితమే.